ముత్తాత జాడ: పేరు పట్టుకుని వెతకాలా, పొలం పట్టుకుని వెతకాలా?

ఏలేరుగట్టు
ముత్తాత గురించి చేతిలో ఉన్నవి ఇవి: ఇంటిపేరు, పేరు, ఊరు (పాత గోదావరి జిల్లా, పెద్దాపురం తాలూకా), తద్దినంలో చెప్పే ఆయన తండ్రి పేరు, చనిపోయిన తిథి (సంవత్సరం తెలియదు, 1930ల్లో అంటారు). ధాత కరువు నాటికి అప్పుడే నడక వచ్చిన పిల్లాడట. ఫొటోలు, ఉత్తరాలు లేవు. జనన మరణాల రిజిస్టరులో వెతికిస్తే పేరు లభ్యం కాలేదని రాసిచ్చారు. ఇక్కడితో ఆగిపోవాల్సిందేనా? ముందుకు పోవాలంటే దేని తర్వాత ఏది చూడాలి?

దస్తూరి
ఆగక్కర్లేదండీ. మీ దగ్గర ఉన్నది తక్కువేం కాదు. ధాత 1876–77. అప్పటికి నడక వచ్చిందంటే పుట్టుక 1874–75 ప్రాంతం. అది 1899 నాటి మద్రాసు జనన మరణాల చట్టానికి పాతికేళ్ళ ముందు మాట కాబట్టి జనన నమోదు మీద ఆశ పెట్టుకోకండి. ఒకవేళ నమోదైనా పేరు ఉండదు. ఆ కాలపు రిజిస్టర్లలో "మగ శిశువు" అని, తండ్రి పేరు, అంతే. బిడ్డకు పేరు పెట్టేలోపే మునసబు రాసేసేవాడు. మరణం సంగతి వేరు, దాని దగ్గరికి తరవాత వద్దాం.

నా లెక్కలో పేరు పట్టుకుని వెతకడం మొదటి తప్పు. మనలో తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరు ఒక తరం వదిలి ఒక తరం వస్తూనే ఉంటుంది. పైగా అన్నదమ్ముల పిల్లలందరికీ అదే తాత పేరు, ముందు పెద, చిన తగిలించి. పేరు కలిసిందని సంబరపడి దాయాది ముత్తాతను మన ముత్తాతగా రాసుకున్న వంశవృక్షాలు కోకొల్లలు. మనిషి పోతాడు, పేరు మారుతుంది, పొలం మాత్రం కదలదు. కాబట్టి ఆయన దున్నిన పొలం సర్వే నంబరు ముందు పట్టుకోండి.

వరుస ఇది. ఇప్పుడు ఆ భూమి ఎవరి చేతిలో ఉన్నా సరే, 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు లెక్క) చూసి సర్వే నంబరు రాసుకోండి. ఆ నంబరును రీసెటిల్మెంటు రిజిస్టరులో (అందరూ ఆర్ఎస్ఆర్ అంటారు) చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, తరం (నేల నాణ్యత స్థాయి), శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు కనిపిస్తే కంగారుపడకండి. చుక్కల భూములనేవి అవే. ఆ నంబరుకు రిజిస్ట్రేషన్ దస్తావేజులే దిక్కు.

గొలుసుమనిషి
దస్తూరి గారు చెప్పిందానికి ముందు ఇంకో మెట్టుంది. ఊరు రైత్వారీయా (రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేది), జమీందారీయా, ఇనామా (సేవకో దానంగానో ఇచ్చిన భూమి)? ఇది తేల్చకుండా ఆర్ఎస్ఆర్ అడిగితే "లేదు" అనే జవాబొస్తుంది, అది నిజమే అవుతుంది. జమీందారీ ఊళ్ళలో శిస్తు కట్టింది దివాణానికి. ప్రభుత్వ లెక్కల్లో రైతు పేరు అరుదు. ఆ ఊళ్ళకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్మెంటు జరిగాయి. అక్కడ అడగాల్సింది సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్. అందులో దొరికేది తాతగారి పేరు కావచ్చు, ముత్తాతది కాదు. ముత్తాత కోసం 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద కొన్ని ఊళ్ళకు తయారైన హక్కుల రికార్డు ఉందేమో అడగాలి.

ఇనాం భూమి అయితే మీ అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాసింది. ఎవరికి, ఎవరు, ఎందుకిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, ఆయన వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతాడు, వారసులెవరు, ఇవన్నీ గడుల్లో ఉంటాయి. 1860ల్లో యాభై ఏళ్ళ మనిషి పేరు, వయసు దొరికిందంటే ఒక్క కాగితంతో 1810 దాకా వెళ్ళినట్టే. అర్చకులు, కరణాలు, మంగలి, చాకలి, వడ్రంగి లాంటి గ్రామసేవ ఇనాములవాళ్ళు తప్పకుండా చూడాల్సిన రిజిస్టరు ఇది. టైటిల్ డీడ్ (ఆ ఇనాం హక్కు పత్రం) నంబరు తెలిస్తే పని త్వరగా అవుతుంది.

ఏలేరుగట్టు
ఆర్ఎస్ఆర్‌లో పేరు ఉంటే ఆ సంవత్సరానికి మనిషి బతికి ఉన్నట్టేనా?

గొలుసుమనిషి
కాదు. చచ్చినవాళ్ళ పేరు మీద పట్టా ముప్పై నలభై ఏళ్ళు నడవడం మామూలే. శిస్తు కడుతున్నంత కాలం మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పు) అడిగేవాళ్ళు లేరు. ఇంకో మెలిక: ఉమ్మడి కుటుంబమైతే పట్టా పెద్దన్న ఒక్కడి పేరు మీదే ఉంటుంది. మీ ముత్తాత మూడోవాడైతే ఊరంతా వెతికినా ఆయన పేరు పట్టా గడిలో కనిపించదు. భూమి లేదనుకుని వదిలేస్తారు.

దస్తూరి
అందుకే పారీకత్తు (పంపకాల) దస్తావేజు బంగారం. భాగాలు పంచుకున్న అన్నదమ్ములందరూ, తండ్రి పేరు, వయసులు, ఎవరికే పొలం, ఎవరికే గది, బావిలో ఎవరికి ఎంత వాటా, అంతా అందులోనే. కాకపోతే చాలామంది నోటి పంపకంతో సరిపెట్టుకున్నారు. అప్పుడు క్రయ, తాకట్టు దస్తావేజులు చూడాలి. అమ్మేటప్పుడు ఆ భూమి తనకెలా వచ్చిందో రాయక తప్పదు గదా: "మా పితామహులగు ఫలానావారి నుండి పిత్రార్జితముగా సంక్రమించి" అని.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎలా అడగాలో చెబుతాను. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) 1983 నుంచే. అంతకు ముందుది చేత్తో వెతకాల్సిందే. ఒకటో పుస్తకం స్థిరాస్తులది. దానికి రెండు సూచికలు: ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండో సూచిక ఊరు, సర్వే నంబరుతో. అందరూ ఈసీ అడుగుతారు, అంటే రెండో సూచిక చూపించమని. మీరు ఒకటో సూచిక కూడా వెతకమని దరఖాస్తులో విడిగా రాయండి. రాయించుకున్నవాళ్ళు, రాసిచ్చినవాళ్ళు ఇద్దరూ అందులో ఉంటారు కాబట్టి, ముత్తాత ఎప్పుడో అమ్మేసి ఇంట్లో అందరూ మర్చిపోయిన పొలం కూడా బయటపడుతుంది. ఒకటో పుస్తకం, దాని సూచికలు ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. మూడో పుస్తకం వీలునామాలది. రాసినాయన పోయాక నకలు ఎవరికైనా ఇస్తారు. దత్తతకు అనుమతి పత్రాలూ ఆ పుస్తకంలోనే వస్తాయి. నాలుగో పుస్తకంలో (ఇతర దస్తావేజులది) ఉన్నవాటికి మాత్రం మీరు వారసులని చూపించాలి.

ఐదేసి ఏళ్ళ ముక్కలుగా అడగండి. "1890 నుంచి 1940 దాకా" అని ఒకేసారి రాస్తే గుమస్తా ఎంత మంచివాడైనా పక్కన పెడతాడు.

తాటాకు
నకలు చేతికొచ్చాక చాలామంది మధ్యలో ఉన్న అసలు సంగతి చదివి ఊరుకుంటారు. చుట్టూ ఉన్నది చదవాలి. ముఖ్యంగా హద్దులు. "తూర్పు: ఫలానావారి మాగాణి, దక్షిణం: బోదె, పడమర: ఫలానావారి మెట్ట, ఉత్తరం: డొంక" అని ఉంటుంది. తూర్పు, పడమర మీ ఇంటిపేరువాళ్ళే కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు ఒకప్పుడు అదంతా ఒకే చెక్క, వాళ్ళు దాయాదులు. ఆ రెండు పేర్ల మీద కూడా ఒకటో సూచిక వెతికించండి. తరవాత సాక్షులు. దగ్గరి చుట్టాలు, బావమరుదులు సాక్షి సంతకాలు పెట్టేవాళ్ళు. ముత్తవ్వ పుట్టిల్లు తెలియనప్పుడు పక్క ఊరి సాక్షి ఇంటిపేరు దారి చూపిస్తుంది. రుజువు కాదు, దారి మాత్రమే. చివర చేవ్రాలా, నిశానీయా అన్నదీ చూడండి. ముత్తాతకు చదువొచ్చో లేదో దానితో తెలిసిపోతుంది. కింద "దస్తూరి" అని ఉన్న పేరు రాసినవాడిది, దాన్ని పార్టీ పేరుగా ఎక్కించుకోకండి.

తేదీలు సరిచూడడం నేర్చుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీ ఫసలీకి (రెవెన్యూ సంవత్సరం అంకె) 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జులై 1 నుంచి జూన్ 30 దాకా. ఫసలీ 1317 అంటే 1907 జులై నుంచి 1908 జూన్. ఇప్పుడు కాగితం మీద "ప్లవంగ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి" ఉందనుకోండి. ప్లవంగ 1847లో వచ్చింది, 1907లో వచ్చింది, 1967లో వచ్చింది. తిథి ఒక్కటే ఉంటే అరవయ్యేళ్ళ చిక్కు. ఫసలీ 1317 పక్కన ఉంటే 1908 ఫిబ్రవరి అని తేలిపోతుంది. అదే ప్లవంగ వైశాఖం అయితే 1907 వేసవి, ఫసలీ ఇంకా 1316. ప్లవంగ వైశాఖం పక్కన 1317 కనిపిస్తే నకలు రాసినవాడైనా పొరబడ్డాడు, మీరైనా అంకె తప్పు చదివారు. పాత రాతలో 6, 7 తెలుగు అంకెలు (౬, ౭) తారుమారు కావడం తరచూ జరిగేదే.

సేత్వార్
ఇదంతా సర్కారు జిల్లాల మాట. నిజాం ఇలాకావాళ్ళు ఈ లెక్క వేస్తే తప్పిపోతారు. అక్కడి ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591.

మా వైపు పేర్లూ వేరే. సర్వే అయినప్పటి మూల రికార్డు సేత్వార్, తరవాత వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ అనే శిస్తు లెక్కలు. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు, సాగు చేసేవాడు ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఇనాములకు మున్తఖబ్ (ఇనాం నిర్ధారణ పత్రం). ముత్తాత కావాలంటే ఖాస్రా నుంచి వెనక్కి సేత్వార్‌కు వెళ్ళాలి. అది ఉర్దూలో, చాలాసార్లు షికస్తా (గొలుసుకట్టు) రాతలో ఉంటుంది. ఉర్దూ చదవడం వచ్చినంత మాత్రాన షికస్తా రాదు, పాత రెవెన్యూ కాగితాలు చదివిన చెయ్యి కావాలి. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. "ఎల్లయ్య వల్ద్ మల్లయ్య" అని ఉంటుంది, వల్ద్ అంటే కొడుకు. ఉర్దూలో హ్రస్వాచ్చులు రాయరు కాబట్టి మన పేర్లు ఒకటికి రెండు రకాలుగా చదవొచ్చు. చదివించినప్పుడు "మీకేం పేరు కావాలి" అని అడిగితే చెప్పకండి. చెప్పారంటే ఆ పేరే చదువుతాడు. అతన్నే చదవనివ్వండి, తరవాత పోల్చుకోండి.

మండలంలో దొరకకపోతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి, జాగీరు ఊళ్ళకు ముఖ్యంగా.

కోరంగి
ఏలేరుగట్టు గారూ, జిల్లా పేరు విషయంలో జాగ్రత్త. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి గోదావరి, కృష్ణా చేశారు. 1904లో గుంటూరు మళ్ళీ విడిగా ఏర్పడింది. 1925లో పశ్చిమ గోదావరి. చిత్తూరు 1911లో, శ్రీకాకుళం 1950లో, ప్రకాశం 1970లో. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. మీ ఊరు ఇప్పుడున్న మండల ఆఫీసులో రికార్డు లేదంటే అసలు లేదని కాదు, పాత తాలూకా కేంద్రంలో బీరువా మీద ఉందేమో. సబ్ రిజిస్ట్రార్ పరిధులూ అంతే. కొత్త ఆఫీసు పెట్టినప్పుడు పాత పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉండిపోతాయి. దరఖాస్తులో "ఈ గ్రామం ఫలానా సంవత్సరంలో ఏ ఆఫీసు పరిధిలో ఉంది" అన్నది మొదటి ప్రశ్నగా పెట్టండి. 1953కు ముందు జిల్లా స్థాయి పై కాగితాలు, బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ఫైళ్ళు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి.

గుంటూరుఘాటు
అందరూ పొలం పొలం అంటున్నారు. సెంటు భూమి లేనివాళ్ళ ముత్తాతలు మనుషులు కారా? పాలేర్లు, కూలీలు, చేతివృత్తులవాళ్ళు, వాళ్ళే ఎక్కువ మంది కదా ఊళ్ళో. వాళ్ళకు ఆర్ఎస్ఆర్ చూపిస్తే ఏం లాభం?

కోరంగి
న్యాయమైన మాట. ఆ దారులు వేరు, కొన్నిచోట్ల ఇంకా మెరుగ్గా ఉంటాయి.

క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబమైతే బాప్తిస్మ రిజిస్టరు. గుంటూరు లూథరన్లు 1842 నుంచి ఉన్నారు, బందరులో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) 1841 నుంచి, ఒంగోలు బాప్టిస్టులు 1878లో వేల మందికి బాప్తిస్మమిచ్చారు. రిజిస్టరు ఊరి గుడిలో ఉండకపోవచ్చు, ఆ ఊరు ఏ మిషన్ స్టేషను కింద ఉండేదో ఆ కేంద్రంలో అడగాలి. బాప్తిస్మంతో పేరు మారుతుంది. పాత పేరు పక్కన రాశారా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ముస్లిం కుటుంబాలకు కాజీ దగ్గరి నికా సియాహా (పెళ్ళి రిజిస్టరు).

ఒప్పంద కూలీలుగా ఓడెక్కినవాళ్ళయితే ఆశ్చర్యపోతారు. ఊళ్ళో ఒక్క కాగితంలో లేని మనిషి నాటాల్ (దక్షిణాఫ్రికా) ఓడ జాబితాలో నిలువునా దొరుకుతాడు: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు. నాటాల్‌కు మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా పంపారు. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఫిజీకి మద్రాసు ఓడలు 1903 నుంచి. ముత్తాత వెళ్ళకపోయినా, తిరిగి రాని ఆయన తమ్ముడి జాబితాలో తండ్రి పేరు, ఊరు దొరుకుతాయి. ఊరి పేర్లు ఇంగ్లీషు గుమస్తా చెవికి వినిపించినట్టు ఉంటాయి, గట్టిగా పైకి చదువుకుంటే గాని మన ఊరని తెలియదు.

రంగూన్ వెళ్ళినవాళ్ళకు మాత్రం ఇలాంటి జాబితాల కోసం తిరగకండి. అది మేస్త్రీల (కూలీలను కుదిర్చి తీసుకెళ్ళేవాళ్ళ) మీద నడిచిన వలస, నాటాల్ లాంటి ఒప్పంద పత్రాలు కావు. కాకినాడలో స్టీమరెక్కి వెళ్ళినవాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో ఏదైనా కొన్నారేమో, అది మళ్ళీ ఒకటో సూచికే.

మొదటి యుద్ధంలో పోయిన సిపాయి అయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉచితంగా వెతకొచ్చు. చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు ఉంటాయి.

తాటాకు
ఆశ్రిత కులాలవాళ్ళను ఎవరూ ప్రస్తావించలేదేం? పిచ్చకుంట్లవాళ్ళు (ఇప్పుడు వంశరాజ్ అంటారు) రెడ్డి, కమ్మ, వెలమ, కాపు ఇళ్ళకు గోత్రాలు, వంశాలు చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు.

దస్తూరి
చెప్పించుకోండి, రికార్డు చేసుకోండి. కానీ రాతకోతల తర్వాతే. ముందే వింటే ఆ కథకు తగ్గట్టే కాగితాలు చదువుతాం.

తాటాకు
ఒప్పుకోను. చెప్పే మనుషులు తగ్గిపోతున్నారు, కాగితం ఇంకో పదేళ్ళైనా ఉంటుంది. ముందు విని పెట్టుకుని, నమ్మకం మాత్రం తర్వాత. వాళ్ళు చెప్పేదాంట్లో పై తరాలు ఏదో రాజు దగ్గరికి పోతాయి, అది పక్కన పెట్టండి. కింది మూడు నాలుగు తరాలు వాళ్ళు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలోనే అడిగి చేర్చుకున్నవి, వాటికి విలువుంది. గయ, కాశీల్లో పండాల బహీలు (యాత్రికుల వంశాలు రాసే పుస్తకాలు) కూడా అలాంటివే. ఇంటిపేరు చెబితే కుదరదు, పాత జిల్లా, ఊరు చెప్పాలి. ముత్తాత స్వహస్తంతో రాసిన పేజీ దొరికితే అందులో ఆయన తండ్రి, తాత, అన్నదమ్ముల పేర్లు ఉంటాయి.

గొలుసుమనిషి
కోర్టును మర్చిపోకండి. పంపకాల దావా, దత్తత దావా పై కోర్టుకు వెళ్ళిందంటే తీర్పులో వంశవృక్షం గీసి ఉంటుంది. మద్రాసు హైకోర్టు పాత తీర్పులు ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఇంటిపేరుకు ఇంగ్లీషు స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా వేసి, ఊరి పేరు జతచేసి వెతకండి. దాయాదుల దావా అయినా చాలు, కొమ్మలన్నీ అందులో వస్తాయి. తండ్రి పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే గుమస్తా తప్పు అనుకునే ముందు దత్తత, ఇల్లరికం అనుమానించండి.

గుంటూరుఘాటు
జనాభా లెక్కల్లో దొరకదా? విదేశాలవాళ్ళు అందులోనే వెతుకుతారు.

గొలుసుమనిషి
మన దగ్గర మొత్తాలు తేల్చాక ఇంటింటి చీటీలు ఉంచలేదు. ఆ దారి మూసుకుపోయింది.

ఏలేరుగట్టు
ఆర్టీఐ వేస్తే పని త్వరగా అవుతుందా?

కోరంగి
రికార్డు ఎక్కడుందో తెలుసుకోవడానికి వేయండి, నకలు కోసం కాదు. దస్తావేజు నకలుకు విడి పద్ధతి ఉంది కాబట్టి అటే పొమ్మంటారు. "ఫలానా గ్రామానికి 1925–1940 మరణ రిజిస్టర్లు ఏ ఆఫీసులో ఉన్నాయి, ఏయే సంవత్సరాలవి ఉన్నాయి, ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని అడగాలి. మూడో ముక్క పెట్టాకే నిజంగా వెతుకుతారు.

దస్తూరి
ఇప్పుడు మరణం సంగతి. మీకు "లభ్యం కాలేదు" అన్నది బహుశా ఒకటి రెండు సంవత్సరాలకే చూసి ఉంటారు. ముందు గడువు తగ్గించుకోండి. ఒకటో సూచికలో ఆయన స్వయంగా చేవ్రాలు చేసిన ఆఖరి దస్తావేజు తేదీ రాసుకోండి. ఆయన కొడుకులు "కీర్తిశేషులైన" అని రాసిన మొదటి దస్తావేజు తేదీ రాసుకోండి. ఈ రెంటి మధ్యే పోయారు. ఆ మధ్య నాలుగేళ్ళే ఉన్నాయనుకోండి, తద్దినం తిథి మీ దగ్గర ఉండనే ఉంది. పాత పంచాంగం చూసి నాలుగేళ్ళకు నాలుగు ఇంగ్లీషు తేదీలు తేల్చండి. ఒక్కో తేదీకి ముందో వారం, తర్వాతో నెల చూడమని రాయండి, ఎందుకంటే మునసబు రిజిస్టరులో ఎక్కించిన తేదీ కబురు అందిన తేదీ కావచ్చు. ఇంటిపేరు లేకుండా పేరు, తండ్రి పేరు మాత్రమే ఉండొచ్చని కూడా దరఖాస్తులో రాయండి.

ఏలేరుగట్టు
తిథి కార్తీక బహుళ ద్వాదశి. సర్వే నంబరు ఇవాళే అడంగల్‌లో చూశాను, రెండు సబ్ డివిజన్లుగా ఉంది. పాత నంబరు ఒకటేనా?

గొలుసుమనిషి
సబ్ డివిజన్ ఎప్పుడయిందో సర్వే సెక్షన్‌లో ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్ అడగండి. మూల నంబరు ఒకటే అయితే ఆర్ఎస్ఆర్‌లో ఆ నంబరుకే పేరు ఉంటుంది. రెండు ముక్కలు ఎవరెవరి పేరు మీద ఉన్నాయో కూడా రాసి పెట్టండి, రెండోది ఎవరి వారసులదో అక్కడి నుంచే తెలుస్తుంది.